మూసేసిన బంకు స్థలం కొనేముందు పక్కింటి నుయ్యి చూడండి

పాత పెట్రోలు బంకు స్థలం తక్కువ ధరకు వస్తోంది, మూడడుగుల మట్టి తీయించి గ్రావెల్ పోయిస్తే ఇల్లు కట్టుకుని బోరు వేసుకోవచ్చా అని అడిగారు. చాలదండి. పర్లాకిమిడిలో మా మేనత్త ఇంటి పక్కన సరిగ్గా ఇదే పని చేశారు. ఆ తర్వాత జరిగిందంతా నేను దగ్గరుండి చూశాను.

మాకు ఇటు అడుగు దాటితే పాతపట్నం, ఆంధ్రా. ఒడిశాలో లీటరు చౌక కాబట్టి అవతలి బళ్లు కూడా మా వైపే వచ్చి నింపుకుంటాయి. అలాంటి చోట కూడా ఒక బంకు మూతపడింది. పంపులు పీకేశారు, పైకప్పు విప్పేశారు, నేలలోని టాంకులు మాత్రం అలాగే వదిలేశారు. స్థలం కొన్నాయన పైమట్టి ఎత్తించి, గ్రావెల్ పోయించి చదును చేయించాడు.

రెండో వానాకాలంలో అత్త నూతిలో చేద వేస్తే, నీళ్ల మీద నెమలికంఠం రంగులు తేలాయి. ఎవరో కిరసనాయిలు ఒలకబోశారని ఇంట్లో గుంటల్ని తిట్టింది. తోడిస్తే పోతుందని పూడిక తీసే మనిషిని పిలిచాం. నాలుగు వరలు దిగాడో లేదో, కళ్లు తిరుగుతున్నాయి, తాడు లాగండి అని కేకేశాడు. లాగి గట్టు మీద కూర్చోబెట్టాం. చెమట తుడుచుకుంటూ, "అమ్మా, అవి నీళ్లు కాదమ్మా, పెట్రోలు" అన్నాడు. అంటూనే అలవాటుకొద్దీ చెవి మీద బీడీ తీశాడు. అత్త ఉరికి వచ్చి అగ్గిపెట్టె లాగేసుకుంది. ఆ మనిషికి ఇద్దరు ఆడపిల్లలు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

పెట్రోలు నీటికన్నా తేలిక. మట్టిలోంచి దిగి భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది. వేసవిలో నీటిమట్టం తగ్గితే దాంతోపాటే కిందికి పోతుంది, వానలకు మళ్లీ పైకి వస్తుంది, ఈ ఎక్కడం దిగడంలో మధ్యనున్న మట్టికంతా పట్టేస్తుంది. మూడడుగులు తవ్వినవాడికి అది ఎలా దొరుకుతుంది? పైగా అందులోని బెంజీన్ నీళ్లలో కరిగి, నీటి వాలు ఎటుంటే అటు పక్కవాళ్ల నూతుల్లోకి పోతుంది. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగే నీళ్లలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ముక్కుకు వాసన తగిలేసరికి ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

ఇక్కడ నాకు మండిపోయే విషయం ఒకటుంది. వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రాడు టీడీఎస్ మీటరు ముంచి, నీళ్లు బ్రహ్మాండం అన్నాడు. ఆ మీటరు చూసేది కరిగిన ఉప్పుల్నే, దానికి పెట్రోలు తెలియదు. కాచి తాగమన్నవాళ్లూ ఉన్నారు. కాస్తే ఆ ఆవిరంతా వంటింట్లో ఆడవాళ్లే పీలుస్తారు కదా! ఉద్దానం మాకు దగ్గరే, నీళ్లంటే మా వైపు అందరికీ కిడ్నీ భయం. ఆ భయం మీదే వ్యాపారం చేస్తున్నారు.

పరీక్షకు మేము మొదట ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టుకెళ్తే విశాఖ ల్యాబ్‌వాళ్లు తిప్పి పంపారు. గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, మంచులో పెట్టి తీసుకెళ్లాలి. లేకపోతే బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది. రెండోసారి అలా తీసుకెళ్తే హద్దు దాటిందని తేలింది.

ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగాం. మా ఇంట్లో ఒడియా రాయగలిగేవాళ్లు లేరు, అర్జీ రాయించడానికే రెండు రోజులు పట్టింది. ఆయిల్ కంపెనీవాళ్లు యజమానిని అడగమన్నారు, యజమాని కంపెనీని అడగమన్నాడు. చివరికి టాంకులు పైకి తీస్తే ఒకదాని అడుగున చింతగింజంత చిల్లి, చుట్టూ మట్టి నల్లబారిపోయి ఉంది. ఆ మట్టిని ట్రాక్టర్లలో తీసుకెళ్లి రోడ్డు పక్క గోతిలో పోయబోతే ఊరివాళ్లం అడ్డం పడ్డాం. అక్కడ పోస్తే ఇంకో నుయ్యి చెడుతుంది, అంతేగా. ఇప్పుడు నాలుగు గొట్టాలు దింపి, పైన తేలే పెట్రోలు తోడేసి, మట్టిలోని ఆవిరిని పంపుతో లాగుతున్నారు. రెండు వానాకాలాలు గడిచాయి, ఇంకా అవలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు కూడా పెట్రోలును తింటాయి, వాటికి గాలి అందాలి. అది నిదానంగా సాగే పని.

కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. వాటిని చూపించి జిల్లా కలెక్టర్‌కు అర్జీ పెట్టండి. బయానా ఇచ్చే ముందు, టాంకులు పైకి తీసినట్టు రుజువు, పెసో (పెట్రోలు, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు రద్దయిన కాగితం అడగండి. లోతు మట్టికీ నీళ్లకూ చేయించిన ల్యాబ్ రిపోర్టు కూడా చూడండి. ఈలోగా ఆ స్థలం చుట్టుపక్కల నూతులవాళ్లకు విషయం చెప్పండి. మీరు కొన్నా కొనకపోయినా, ఆ నీళ్లు వాళ్లు ఇవాళ కూడా తాగుతూ ఉండొచ్చు.