హార్మోనియం తప్పేం లేదు మాస్టారూ

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో టీచరుగా పనిచేస్తున్నాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా భోజనానికి ముందు వేసుకుంటాను. చిన్నప్పటి నుంచి హార్మోనియం అంటే ప్రాణం. మా ఊరి వాళ్లు, పాతపట్నం కుర్రాళ్లు కలిసి పౌరాణిక నాటకాలు ఆడుతుంటారు, వాళ్లకి కాలి హార్మోనియం వాయిస్తాను. మొన్న శ్రీరామనవమి నాటకం రిహార్సల్‌కి, మాత్ర వేసుకుని, భోజనం తిరిగొచ్చాక చేద్దాంలే అని వెళ్లాను. పదింటప్పుడు ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి, హార్మోనియం మెట్లు మసకబారాయి. ఒకటి అడిగితే ఇంకోటి చెప్పానట. తాగొచ్చాననుకుని ఇద్దరు నవ్వారు. ఎవరో కూల్‌డ్రింకు తాగిస్తే తేరుకున్నాను. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆ రాత్రే మా ఆవిడ ‘ఇంకోసారి ఆ పెట్టె ముట్టుకుంటే నా మీద ఒట్టే’ అంది. పెట్టె అటకెక్కింది. అప్పటి నుంచి నా కంచంలో అన్నం గరిటెతో కొలిచి పెడుతోంది. పెళ్లిళ్లలో నలుగురి ముందూ ‘ఆయనకి స్వీటు వెయ్యకండి’ అంటుంది. విశాఖలో ఉన్న మా అబ్బాయి చేత రోజూ ఫోన్లో చివాట్లు పెట్టిస్తోంది. నిజం చెప్పాలంటే, కసికొద్దీ బజార్లో దొంగచాటుగా జిలేబీ తింటున్నాను. ఈమధ్య ఏ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7.4 వచ్చింది. ప్రతి చిన్నదానికీ చిరాకు పడుతున్నాను. రథయాత్ర రోజుల్లో మళ్లీ నాటకం ఉంది. ట్రూపు వాళ్లకి మొహం చూపించాలంటే సిగ్గుగా ఉంది. హార్మోనియం మానేయాల్సిందేనా? 
— ఓ మాస్టారు, పర్లాకిమిడి

జవాబు: మానేయక్కర్లేదు మాస్టారూ. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మిగతాదంతా మీరు ఆదరాబాదరాగా చదివేస్తారు. అలాగని పెట్టె ఇవాళే అటక దించకండి. దానికి ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి మీ ఆవిడతో కలిసి చేయాల్సింది.

‘భోజనం తిరిగొచ్చాక చేద్దాంలే’ అని మీరు మాటవరసకి రాశారు చూశారా, నాకు ఉత్తరం మొత్తంలో పెద్ద విషయం అదే అనిపించింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. అది క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా, పద్యం మధ్యలో ఉన్నారా అని అది చూడదు. మాత్ర లోపలికి వెళ్లింది, అన్నం వెళ్లలేదు, పైగా చాలాసేపు కాళ్లతో పెడలు తొక్కుతూ ఉన్నారు. చెమటలు, వణుకు, చూపు మసకబారడం, మాట తడబడటం, తీపి తాగగానే తేరుకోవడం, ఇవన్నీ కలిపి చూస్తే షుగర్ పడిపోయినట్టే ఉంది. అయితే నేను డాక్టర్ని కాను. షుగర్ ఉన్నవాళ్లకి ఒక్కోసారి గుండె ఇబ్బంది కూడా ఛాతీ నొప్పి లేకుండా చెమటలతోనే బయటపడుతుంది. కాబట్టి ఆ రాత్రి జరిగింది జరిగినట్టు మీ డాక్టరుకి చెప్పి తీరాలి. ఇంతవరకూ చెప్పలేదనే నా అనుమానం. 7.4 కాగితం చూపించి మందులు రాయించుకుని వచ్చేసి ఉంటారు.

డాక్టరుకి చెప్పేటప్పుడు ‘షుగర్ డౌన్ అయిందండీ’ అని ఊరుకోకండి. మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి. స్కూలు ఎన్నింటికి, మాత్ర ఎన్నింటికి, రిహార్సల్ ఉన్న రోజు భోజనం ఎంత ఆలస్యమవుతుంది, నాటకం రోజు తెల్లవార్లూ మేలుకుంటారా, అన్నీ. మాత్ర వేళ మార్చడమా, డోసు తగ్గించడమా, వేరే మందుకి మార్చడమా అన్నది ఆయన చూసుకుంటారు. మీ అంతట మీరు మాత్రం రిహార్సల్ ఉంది కదా అని మాత్ర ఎగ్గొట్టకండి. ఏ1సి 7.4 గురించి కూడా అడగండి. చాలామందికి 7 లోపు ఉంచమంటారు గానీ, ఇలా షుగర్ పడిపోయే మనిషి విషయంలో డాక్టర్లు ఆ అంకె కోసం మరీ పట్టుబట్టరు.

ఈలోపు మళ్లీ అలాంటిది వస్తే ఏం చేయాలో మీకూ, ఇంట్లోవాళ్లకీ, ట్రూపు వాళ్లకీ తెలిసి ఉండాలి. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే షుగర్ పడిపోయినట్టు లెక్క. మీటరు చేతిలో లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోకండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, లేదా సగం గ్లాసు మామూలు కూల్‌డ్రింకు. ‘డైట్’ అని రాసి ఉన్నది పనికిరాదు. పావుగంట ఆగి చూసుకుని, తగ్గకపోతే మళ్లీ అంతే. తేరుకున్నాక తప్పకుండా భోజనం చేయాలి. ఇలాంటప్పుడు జిలేబీ, ఛెనాపోడా లాంటి మిఠాయిలు నమ్ముకోకండి, వాటిలో ఉండే కొవ్వు వల్ల తీపి ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకొకటి, గ్లిమెపిరైడ్ వల్ల పడిపోయిన షుగర్ తేరుకున్నాక కొన్ని గంటలకి మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆ రాత్రి మీరు ఇంటికొచ్చి పడుకోవడం కాకుండా ఆసుపత్రికి వెళ్లి ఉంటే బాగుండేది. ఒక గ్లూకోజు ప్యాకెట్టు హార్మోనియం పెట్టెలోనే పడేసి ఉంచండి.

ఇప్పుడు సిగ్గు సంగతి. ఎవరో ఇద్దరు నవ్వారని మీరు రాసిన వాక్యం చదివాక నాకు అర్థమైంది, మీ ఆవిడ ఒట్టు ఒక వంక మాత్రమే. ఆ ఒట్టు లేకపోయినా మీరు ఆ మండపం మెట్లెక్కేవారు కాదు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషిని పిల్లకాయలు తాగుబోతనుకున్నారంటే గుచ్చుకోదా మరి. గుచ్చుకుంటుంది. కానీ వాళ్ల తప్పు కూడా పెద్దగా లేదు. షుగర్ పడిపోయిన మనిషి అచ్చం తాగినవాడిలాగే ఉంటాడు, తెలియనివాళ్లకి తేడా తెలియదు. మీకు షుగర్ ఉందన్న సంగతి ట్రూపులో ఎంతమందికి తెలుసు? మీరు చెప్పుకునే రకంలా లేరు.

ఒకసారి వాళ్లని కూర్చోబెట్టి చెప్పేయండి. పెద్ద ఉపన్యాసం వద్దు. ‘ఒరేయ్, నాకు షుగర్ ఉంది. మాత్ర వేసుకుని తినకపోతే పడిపోతుంది. చెమటలు పట్టి పిచ్చిమాటలు మాట్లాడానంటే తాగాననుకోకండి, పంచదార నీళ్లు పట్టండి’ అంటే సరిపోతుంది. నవ్విన వాళ్లకే ఆ పని అప్పగించండి. మీ తబలా ఆయనకి తెలుగు అంతగా రాకపోతే ఒడియాలో మళ్లీ ఒకసారి చెప్పండి.

ఇక మీ ఆవిడ. మీ ఉత్తరంలో ఆవిడ జైలరులా కనిపిస్తున్నారు. ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. రాత్రి పూట తలుపు కొట్టిన చప్పుడుకి లేచి చూస్తే, భర్తని ఇద్దరు కుర్రాళ్లు బండి మీద పట్టుకుని ఉన్నారు, చొక్కా తడిసి ముద్దయింది, కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఆవిడకి షుగర్ తగ్గడం, పెరగడం అన్న తేడా ఎవరైనా చెప్పారా? ‘షుగర్ వల్ల ఇలా అయింది’ అని ఎవరో అని ఉంటారు. షుగర్ అంటే తీపి, అన్నం. కాబట్టి తీపి బంద్, అన్నం కొలత. ఆవిడకి తెలిసినంతలో ఆవిడ చేసింది సరైనదే. కాకపోతే అన్నం తక్కువైనందుకు వచ్చిన ముప్పుకి అన్నం ఇంకా తగ్గించారు! మాత్ర అంతే ఉండి అన్నం తగ్గితే ఏమవుతుందో మీకు ఇప్పుడు తెలుసు. ఈ సంగతి ఆవిడకి ఈ పూటే చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఆగకండి.

సరిహద్దు ఊళ్లలో నేను తరచూ చూసేది ఒకటుంది. ఆసుపత్రిలో మాటలన్నీ ఒడియాలో నడుస్తాయి. మీకు రెండు భాషలూ సమానం. టెక్కలి నుంచో పలాస నుంచో కోడలిగా వచ్చిన ఆడవాళ్లకి బజారులో బేరమాడే ఒడియా వస్తుంది గానీ డాక్టరు ఒడియా అందదు. పక్కన భర్త ఉండి తెలుగులో చెబుతాడు, చెప్పేటప్పుడు భయపెట్టే ముక్కలు మింగేస్తాడు. ఇంటికొచ్చాక ఆవిడకి మిగిలేది భయం ఒక్కటే. మీ ఇంట్లో ఇలాగే జరిగిందని అనను గానీ, ఈసారి ఆవిడని వెంటబెట్టుకుని వెళ్లండి. అడగాల్సినవి ఆవిడనే అడగనివ్వండి. మీరు మధ్యలో ఉన్నదున్నట్టు ఇటు నుంచి అటు చెప్పండి, చాలు. కాకపోతే తెలుగు మాట్లాడే డాక్టరు దగ్గరికి ఒకసారి శ్రీకాకుళం వెళ్లి రండి.

గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మీది, వాడుక మాట కోసం కొట్లాడిన మనిషి. ఇంట్లో మీరు మాత్రం వాడుక మాట ఒక్కటీ వాడినట్టు లేదు. ఆవిడ అరుస్తారు, మీరు అలిగి బజారుకి వెళ్తారు. ‘ఆ రోజు నాకు కూడా భయమేసింది’ అని మీరు ఆవిడతో అన్నారా? అనండి. ఒట్టు తీయించుకునే దారి అక్కడ మొదలవుతుంది. ఒట్టు ఉండగానే చాటుగా వెళ్లి వాయించకండి, తెలిస్తే అది హార్మోనియం గొడవగా మిగలదు.

ఆవిడ చేయగలిగినవి, చేయకూడనివి ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. గ్లూకోమీటరు ఇంట్లో ఉండటం, రిహార్సల్‌కి ముందు భోజనం పెట్టి పంపడం, వచ్చాక ఒకసారి చూడటం, ఇవి ఆవిడకి ఇవ్వండి. పెళ్లి భోజనాల్లో నలుగురి ముందూ ‘ఆయనకి వద్దు’ అనడం మాత్రం ఆపమనండి. ‘నాకు నేనే వద్దంటాను’ అని మాటివ్వండి, ఇచ్చిన మాట ప్రకారం నిజంగా వద్దనండి. అబ్బాయికి మీరే ఫోన్ చేసి, రోజూ చివాట్లు అక్కర్లేదు, ఆదివారం మాట్లాడుకుందాం అనండి.

జిలేబీ సంగతి. దొంగచాటుగా తినే జిలేబీతో అసలు చిక్కు దాని లెక్క ఎవరికీ తెలియకపోవడం. మీటరులో అంకె పెరిగితే ఆవిడ అన్నం తగ్గిస్తారు, డాక్టరు మాత్ర పెంచుతారు, మళ్లీ షుగర్ పడిపోయే ముప్పు మీకే. తినాలనిపిస్తే ఇంట్లో, భోజనంతో పాటు, ఆవిడ ఎదురుగా ఒక ముక్క తినండి. ఆ పూట అన్నం కాస్త తగ్గించుకోవాలి. ఎంత, ఎన్నాళ్లకోసారి అన్నది డాక్టరుని అడిగి పెట్టుకోండి. అన్నట్టు, చోడి (రాగి) పిండి మంచిదని జావ కాచుకుని బెల్లం దట్టించుకునేవాళ్లు, పఖాళ నీళ్లన్నమే కదా అని కుండెడు తినేవాళ్లు మీ వైపు చాలామంది ఉంటారు. పల్చటి జావ షుగర్‌ని తొందరగానే పెంచుతుంది. నీళ్లు పోసినా అన్నం అన్నమే.

రిహార్సల్ రోజు చేయాల్సింది చాలావరకు మీకే తెలుసు, కాబట్టి చప్పున చెప్పేస్తాను. భోంచేసి వెళ్లండి. వీలైతే సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టమని అడగండి, హార్మోనియం లేకుండా పద్యం ఎత్తుకునే కృష్ణుడెవరూ లేడు, మీ మాట వింటారు. అక్కడ తిరిగే టీలో పంచదార ఎంతో మీకు తెలుసు, నాలుగు గ్లాసులు తాగితే ఆ లెక్క ఎక్కడికో పోతుంది. మీ వరకు చప్పటి టీ చెప్పించుకోండి. ముఢి (మరమరాలు), బజ్జీల పక్కన గుప్పెడు వేయించిన శనగలు పెట్టించండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

మీ పాదాల గురించి మాత్రం తొందరపడను. కాలి హార్మోనియం చాలామంది వట్టి కాళ్లతో తొక్కుతారు. ఆరేళ్ల షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గి ఉండే అవకాశం ఉంది. తగ్గితే మడమ కింద చెక్క రాసుకుని తోలు లేచినా తెలియదు, పుండయ్యాక తెలుస్తుంది. వాయించి వచ్చిన రాత్రి పాదాలు కడుక్కుని, తుడుచుకుని, దీపం వెలుతురులో అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. కింద అద్దం పెట్టుకుంటే తేలిక. డాక్టరు సన్నటి నైలాను పోగుతో పాదాన్ని తాకి స్పర్శ పరీక్ష చేస్తారు, ఏడాదికోసారి అది అడిగి చేయించుకోండి. కంటి వెనక పొర పరీక్ష కూడా అంతే. వేళ్లు మడిస్తే పట్టేసి టక్కున విడవడం, భుజం పైకి లేవకపోవడం షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. వాయించే చేతులు కాబట్టి, అలాంటిది మొదలవగానే వయసు మీద పడిందనుకోకుండా చూపించుకోండి.

చిరాకు గురించి రాశారు. రోజూ మాత్రలు, అంకెలు, ఇంట్లోవాళ్ల కళ్లు, ఇన్నిటి మధ్య విసుగు రావడం షుగర్ ఉన్నవాళ్లలో ఎంత మామూలో డాక్టర్లకి బాగా తెలుసు. దానికి తోడు మీ చేతిలోంచి హార్మోనియం కూడా తీసేశారు. వాయించడం మళ్లీ మొదలైతే సగం తగ్గుతుందనే నా నమ్మకం. అప్పటికీ తగ్గకుండా, నిద్ర పట్టక, దేని మీదా మనసు పోకుండా రెండు వారాలు దాటితే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

రథయాత్ర నాటకానికి ఇప్పుడే ఒప్పుకోకండి. డాక్టరు మందు సర్దుబాటు చేశాక ఇంట్లోనే సాయంత్రం పూట గంటసేపు వాయించి, ముందూ వెనకా షుగర్ చూసుకుని, ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి ఆవిడకీ డాక్టరుకీ చూపించండి. వాళ్లిద్దరూ సరే అన్నాకే ట్రూపుకి కబురు పెట్టండి. మొదటి రిహార్సల్‌కి మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి, ఆ కుర్రాళ్లలో ఎవరి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోవాలో ఆవిడే చూసుకుంటారు.