పాఠకుల ప్రశ్నలు: పూత ఎందుకు రాలేదు?

ప్రశ్న: మా ఇంటి ముందు వీధి దీపం కింద నాటిన చామంతులు ఏపుగా పెరిగాయి కాని, మార్గశిరం వచ్చినా మొగ్గ తొడగలేదు. అదే నారు పోసిన పెరటి మొక్కలు విరగబూశాయి. ఎరువు చాలలేదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఎరువు లోపం కాదు. నారూ పోషణా రెండు చోట్లా ఒకటే అయినప్పుడు తేడాను వెలుతురులోనే వెతకాలి. చామంతి పూతకు రావాలంటే మధ్యలో తెగని దీర్ఘమైన చీకటి కావాలి. మీ ఒంగోలులో జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటలు ఉంటే, డిసెంబరులో 11 గంటలకు కాస్త మించి ఉంటుంది. ఆ మేరకు పెరిగిన రాత్రిని ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణక పదార్థం సాయంతో మొక్క పసిగడుతుంది. పగటి వెలుతురులో చురుకుగా ఉండే ఈ పదార్థం చీకటిలో క్రమంగా చురుకు కోల్పోతుంది. రాత్రి వేళ ఏ కొద్ది వెలుతురు పడినా తిరిగి చురుకు పుంజుకుంటుంది కనుక, మీ వీధి దీపం కింది మొక్కకు పొడవైన రాత్రి అన్నది ఒక్కటీ అందలేదు.

మొగ్గ వచ్చేది కొమ్మ చివర, చీకటిని గుర్తించేది ఆకు. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలఖ్యాన్ 1930లలో సరిగ్గా చామంతి మీదనే ప్రయోగం చేసి, పై భాగంలో ఆకులు తీసేసి కింది ఆకులకు మాత్రమే పొడవైన రాత్రులు కల్పించినా కొమ్మ చివర పూలు వస్తాయని చూపాడు. ఆకు నుంచి చివురుకు చేరే ఏదో హార్మోను ఉండి తీరాలని ఊహించి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. అది ఆకుల్లో తయారై నాళాల గుండా ప్రయాణించే ఎఫ్.టి. అనే ప్రోటీన్ అని తేలింది 2007లో! ఒక ఊహ రుజువు కావడానికి ఏడు దశాబ్దాలు పట్టినా, దాన్ని విడిచిపెట్టని పరిశోధకుల ఓర్పు నన్ను ఎంతగానో కదిలిస్తుంది.

కుండీలైతే పెరట్లోకి మార్చండి. నేలలోనివైతే సాయంత్రం ఆరింటికి నల్లటి మందపాటి గుడ్డ కప్పి ఉదయం తీసేయండి. మొగ్గలు స్పష్టంగా కనిపించేవరకు ఒక్క రాత్రి కూడా తప్పకూడదు. యూరియా వేయకండి, ఆకే పెరుగుతుంది.

ప్రశ్న: వేసవిలో నిమ్మకు ధర బాగుంటుంది. మా తోట మాత్రం అప్పటికి కాపునివ్వడం లేదు. హార్మోను మందు కొట్టమంటున్నారు. వాడవచ్చా?
– ఒక నిమ్మ రైతు, పొదలకూరు ప్రాంతం

జవాబు: వాడవచ్చు, అయితే ఏ మందు ఏ నెలలో అన్నదే ఇక్కడ కీలకం. నిమ్మ చామంతిలా రాత్రి పొడవును బట్టి పూయదు. మన వేడి ప్రాంతాల్లో దానికి బెట్టే పూతకు ప్రేరణ: కొంతకాలం నీరు అందక ఎదుగుదల ఆగిన చెట్టు, మళ్లీ తడి తగలగానే పూతకు వస్తుంది. పూత నుంచి కోతకు ఐదారు నెలలు పడుతుంది కాబట్టి, వేసవి కాపు కోసం సెప్టెంబరు–అక్టోబరులో పూత రావాలి. నెల్లూరు జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలవుతాయి కనుక, బెట్ట పెట్టడం అంతకు ముందే ముగియాలి.

జిబ్బరెల్లిన్ అనే హార్మోను నిమ్మ జాతి చెట్లలో పూతను అణచి, చిగుళ్లను పెంచుతుంది. అందుకే దాన్ని జూన్‌లో, లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల చొప్పున పిచికారీ చేసి, అప్పటి పూతను తగ్గించి చెట్టు శక్తిని నిలుపుతారు. సెప్టెంబరులో వాడే సైకోసెల్ అనే ఎదుగుదలను అదుపు చేసే మందు దీనికి పూర్తిగా విరుద్ధం. చెట్టులో జిబ్బరెల్లిన్ తయారీనే అది అడ్డుకుంటుంది. ఈ రెండింటినీ తారుమారు చేస్తే, పూత రావలసిన నెలలో చిగుళ్లు వస్తాయి. చెట్టు నిండా కాయలుంటే కూడా కొత్త పూత తగ్గుతుంది. కాబట్టి బెట్టకు ముందే ఉన్న కాయలు కోసేయండి. తేలిక నేలల్లో ఆకు కాస్త వడలగానే నీరు పెట్టాలి. ఆకు రాలేదాకా ఎండగడితే కొమ్మలు ఎండిపోతాయి. సైకోసెల్ మోతాదును మీ మండల ఉద్యాన అధికారిని అడిగి నిర్ణయించుకోండి.