అంతర్జాతీయ సంబంధాల చదువు: పొలం అమ్మి అమెరికా పంపాలా?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. మా ఆయన పదిహేనేళ్లుగా కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేస్తున్నారు. మా పాప కడపలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఎంబసీలో ఉద్యోగం చేయాలని దాని కోరిక. వాషింగ్టన్‌లో ఒక యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ అఫైర్స్ ఎం.ఏ.కు సీటు వచ్చింది. ఏడాదికి 52 వేల డాలర్ల ఫీజు, అందులో 20 వేలు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. రెండేళ్లకు 56 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. మైదుకూరు దగ్గర మాకు మూడెకరాలు ఉంది. అది అమ్మి, మిగతాది ఇల్లు పెట్టి లోన్ తీసుకోమంటున్నారు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ (జేఎన్‌యూ) కోసం పాప సీయూఈటీ ప్రవేశ పరీక్ష కూడా రాసింది కానీ ఢిల్లీ పంపడం మా ఆయనకు ఇష్టం లేదు. నెలాఖరులోగా అమెరికా వాళ్లకు డిపాజిట్ కట్టాలట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, గడువు డిపాజిట్‌కే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. ఈ నెల ఆ డబ్బు కట్టకండి. కట్టాక మనసు మార్చుకుంటే అది మామూలుగా తిరిగి రాదు. పాప చేత యూనివర్సిటీకి ఒక ఈమెయిల్ రాయించండి. మా ఇంటి ఆదాయం ఇంత, మీరిచ్చిన స్కాలర్‌షిప్‌తో రాలేను, ఇంకేమైనా పెంచగలరా అని అందులో అడగాలి. లేకపోతే సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేయగలరా అని కూడా అడగాలి. అలా అడిగితే సీటు పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. మర్యాదగా అడిగినందుకు సీటు తీసేయరు. పెంచితే పెంచుతారు, లేదంటే కుదరదని రాస్తారు.

ఇక ఆ 56 లక్షల లెక్క. అది ఫీజు ఒక్కటే. స్కాలర్‌షిప్ పోగా ఏడాదికి 32 వేల డాలర్లు, రెండేళ్లకు 64 వేలు. డాలర్ 88 రూపాయలు వేసుకుంటే 56 లక్షలు వస్తుంది. మరి పాప ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది? అమెరికాలో బాగా ఖరీదైన ఊళ్లలో వాషింగ్టన్ ఒకటి. ఒక గదిలో ఇద్దరు సర్దుకుని, వండుకుని తిన్నా, ఇన్సూరెన్సు, పుస్తకాలు, రానుపోను ఖర్చులు కలిపి ఏడాదికి 25 వేల డాలర్లకు తక్కువ కాదు. అంటే ఇంకో 44 లక్షలు. మొత్తం కోటి రూపాయలు అమ్మా. నా మాట మీద నమ్మకం లేకపోయినా ఫరవాలేదు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ‘కాస్ట్ ఆఫ్ అటెండెన్స్’ అని ఉంటుంది, పాపను తెరిచి చూడమనండి. వీసా కోసం వాళ్లు పంపే ఐ-20 కాగితంలో కూడా ఏడాది ఖర్చంతా రాసి ఉంటుంది.

పొలానికి 30 లక్షలు వచ్చాయనుకుందాం. మిగతా 70 లక్షలు అప్పు. 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 96 వేలు కట్టాలి. చదివే రెండేళ్లలో పెరిగే వడ్డీని నేను ఇందులో కలపనే లేదు. మీ ఆయన నెలకు ఎంత పంపుతారో మీకే తెలుసు.

బ్యాంకుల పద్ధతి కూడా తెలిసి ఉండాలి. విద్యారుణం 4 లక్షల వరకు హామీ అడగరు. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు పెట్టాలి. మన దగ్గర చాలామందికి ఉండే ఆస్తి పొలమే కదా, కానీ బ్యాంకులు దాన్ని ఈ లోన్‌కు తీసుకోవడానికి ఇష్టపడవు. బాకీ పడితే ఆస్తిని వేలం వేయడానికి బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అదీ కారణం. అందుకే కన్సల్టెన్సీలు ‘పొలం అమ్మేయండి, ఇల్లు పెట్టండి’ అంటారు. ఇల్లు కూడా చాలకపోతే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడ వడ్డీ ఇంకా ఎక్కువ. పాపను చేర్పిస్తే కన్సల్టెన్సీకి కమిషన్ వచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. మీకు వచ్చే సలహా ఎవరి లాభం కోసమో ఒకసారి ఆలోచించండి.

అంత ఖర్చు పెట్టాక ఏం వస్తుందో చూద్దాం. మీ పాప కోరిక ఎంబసీ ఉద్యోగం. మన దేశ ఎంబసీలో అధికారి కావాలంటే దారి యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష, అందులో ఇండియన్ ఫారిన్ సర్వీస్. దానికి ఏదైనా డిగ్రీ చాలు, 21 ఏళ్లు నిండితే చాలు. జనరల్ వాళ్లకు 32 ఏళ్ల దాకా, బీసీలకు 35, ఎస్సీ, ఎస్టీలకు 37 దాకా రాయొచ్చు. అమెరికా ఎం.ఏ. ఉందని ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. ఇంకో దారి చాలామందికి తెలియదు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ పరీక్షలో విదేశాంగ శాఖ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. వాళ్లకు కూడా మన ఎంబసీల్లో పోస్టింగులు వస్తాయి. మీ పాప బి.ఏ.తోనే ఈ రెండూ రాయొచ్చు.

ఎంబసీ కాకుండా వాషింగ్టన్‌లోనే ఉద్యోగం చేస్తుంది కదా అని మీరు అనుకోవచ్చు. ఈ చదువు చదివిన అమెరికా పిల్లలు ఎక్కువగా వెళ్లేది వాళ్ల ప్రభుత్వ శాఖలకు. అక్కడ పౌరసత్వం అడుగుతారు. ఇంజినీరింగ్ చదివిన మన పిల్లలకు చదువయ్యాక మొదటి ఏడాది తర్వాత మరో రెండేళ్లు పనిచేసే అనుమతి ఉంటుంది, ఈ కోర్సు చదివినవాళ్లకు మామూలుగా ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలో వీసా స్పాన్సర్ చేసే సంస్థ దొరకాలి. పైగా అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను 2025 జులైలో మూసేశారు. దాని నిధులతో నడిచిన ఎన్జీఓలు, కన్సల్టింగ్ సంస్థలు వేలమందిని తీసేశాయి. మీ పాప పోటీ పడాల్సింది పదేళ్ల అనుభవం ఉండి ఉద్యోగం పోయినవాళ్లతో. కొన్నేళ్ల క్రితం మన జిల్లా అబ్బాయి ఒకతను ఇలాంటి కోర్సుకే అప్పు చేసి వెళ్లాడు. తెలివైన పిల్లవాడు, నాకు బాగా తెలుసు. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు రెండు చేసి, వీసా గడువు ముగిసి తిరిగొచ్చాడు. ఇప్పుడు బెంగళూరులో ఏ సంబంధమూ లేని ఉద్యోగం చేస్తూ ఆ అప్పే కడుతున్నాడు. అతని అమ్మానాన్నలు మొదట నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ఇంత గట్టిగా చెప్పలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు ఢిల్లీ సంగతి. మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఎదిగిన ఆడపిల్లను దూరం పంపడం, టీవీలో చూసిన గొడవలు, తను దగ్గర లేకపోవడం. కానీ ఢిల్లీలో పాపకు జ్వరం వస్తే రైలెక్కి రెండు రోజుల్లో మీరు చేరగలరు. వాషింగ్టన్‌కు చేరలేరు.

జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఈ సబ్జెక్టుకు మన దేశంలో పాతది, పేరున్నది. 1955లో వేరే సంస్థగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. విదేశాంగ మంత్రి జైశంకర్ గారు పీహెచ్‌డీ చేసింది ఆ యూనివర్సిటీలోనే. ట్యూషన్ ఫీజు వందల రూపాయల్లో ఉంటుంది. హాస్టల్ దొరికితే రెండేళ్ల చదువు మొత్తం రెండు మూడు లక్షల్లో అయిపోతుంది. అక్కడ సీటు రాకపోతే పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీలో పాలిటిక్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎం.ఏ. ఉంది, అదీ సీయూఈటీ మీదే. కడపకు దగ్గర కాబట్టి మీ ఆయన త్వరగా ఒప్పుకుంటారేమో కూడా. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఈ విభాగం 1956 నుంచీ ఉంది. ఎందులోనూ రాకపోతే ఏపీ పీజీసెట్ రాసి తిరుపతిలోనో అనంతపురంలోనో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చేయొచ్చు. ఆ ఎం.ఏ.తో కూడా లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయొచ్చు, అందులో పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37 వేలు అందుకోవచ్చు.

అయినా నా ఓటు ఢిల్లీకే. ఫీజు తక్కువని మాత్రమే కాదు. విదేశాంగ శాఖ ఉన్నది అక్కడ, దేశదేశాల ఎంబసీలున్నది అక్కడ, రక్షణ అధ్యయన సంస్థ ఐడీఎస్ఏ, సప్రూ హౌస్‌లో ప్రపంచ వ్యవహారాల మండలి అన్నీ అక్కడే. విదేశాంగ శాఖలో ఇంటర్న్‌షిప్ దొరికితే నెలకు 10 వేలు ఇస్తారు. ఈ రంగంలో పేరున్న కాలేజీ ఎంత ముఖ్యమో, మనుషుల మధ్య ఉండటం కూడా అంతే ముఖ్యం.

ఇంకో మాట, ఇది పాపకు చదివి వినిపించండి. ‘ఇంటర్నేషనల్ అఫైర్స్’ అని ఊరికే చదివినవాళ్లకు పని దొరకడం కష్టం. ఒక ప్రాంతం, ఒక భాష, ఒక సమస్య బాగా తెలిసినవాళ్లను వెతుక్కుంటారు. మీ పాపకు ఆ ప్రాంతం ఇంట్లోనే ఉంది. కడప, రాయచోటి వైపు వీధుల్లో కువైట్ వెళ్లని ఇల్లు ఎన్ని ఉంటాయి? అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) అంటే ఏమిటో, కఫీల్ (పనికి పెట్టుకున్న యజమాని) పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుంటే ఏమవుతుందో, ఖాదిమ్ (ఇంటిపని) వీసా మీద వెళ్లిన ఆడవాళ్ల పరిస్థితి ఏమిటో, కల్లివెల్లి అయినవాళ్లు (యజమాని దగ్గర్నుంచి వెళ్లిపోయి కాగితాల్లేకుండా ఉన్నవాళ్లు) ఎలా తిరిగొస్తారో ఆ పిల్ల మాటల్లోనే వింటూ పెరిగింది. వాషింగ్టన్ క్లాసులో ఎవరూ ఇది నేర్పలేరు. జేఎన్‌యూలో పశ్చిమాసియా అధ్యయనాలకు ప్రత్యేక కేంద్రం ఉంది, అరబిక్ నేర్పే విభాగం కూడా ఉంది. ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం ఇప్పటిదాకా దాన్ని ఆమోదించలేదు. ఇంట్లో పనివాళ్ల కోసం కువైట్ 2015లో ఒక చట్టం చేసింది. అది మన కడప ఆడవాళ్లకు ఎంతవరకు అందుతోంది? ఈ ఒక్క ప్రశ్న మీద ఎం.ఏ. వ్యాసం రాసినా ఆమె పేరు గుర్తుపెట్టుకుంటారు. జెనీవాలోని కార్మిక సంస్థ, వలసల సంస్థ ఐఓఎమ్, వాటి ఢిల్లీ ఆఫీసులు చేసేది ఇలాంటి పనే.

ఈ వేసవిలోనే అరబిక్ అక్షరాలు మొదలుపెట్టమనండి. అరబిక్ చదవడం నేర్పేవాళ్లు మీ వీధిలోనే దొరకవచ్చు.

అమెరికా, యూరప్ చదువు అక్కర్లేదని నేను అనడం లేదు. తర్వాత వెళ్లాలి, వీలైనంతవరకు వేరేవాళ్ల డబ్బుతో వెళ్లాలి. ఎం.ఏ. అయ్యాక రెండు మూడేళ్లు పనిచేస్తే తలుపులు తెరుచుకుంటాయి. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల అనుభవం, అంటే 2800 గంటల పని చూపించాలి. ఏడాది చదువుకు ఫీజు, ఖర్చులు అన్నీ వాళ్లవే, చదివాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండస్ కోర్సులకు చాలావాటికి అనుభవం కూడా అడగరు. ఎంపికైనవాళ్లకు ఫీజు లేదు, నెలకు 1400 యూరోలు ఇస్తారు. వలసల మీదే వీటిలో ఒక కోర్సు ఉంది. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ఎం.పీ.ఏ. (ప్రభుత్వ వ్యవహారాల పీజీ) కోర్సుకు చేర్చుకున్న ప్రతి విద్యార్థికీ ట్యూషన్ ఫీజు తానే భరిస్తుంది. పోటీ చాలా గట్టిది, కానీ నాలుగేళ్ల అనుభవం, అరబిక్ ఉన్న ప్రొద్దుటూరు అమ్మాయి దరఖాస్తు పెట్టడానికి ఏమాత్రం భయపడక్కర్లేదు. మీరు ఎస్సీలైతే కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకూ అది వర్తిస్తుంది.

అప్పుడు కూడా ఏ యూనివర్సిటీ పిలిచినా ఒక ప్రశ్న అడగమనండి: మీ కోర్సు పూర్తి చేసిన విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి, ఎక్కడ, ఎన్ని నెలల్లో ఉద్యోగం వచ్చింది? వాళ్లు సాధారణంగా అందరినీ కలిపి ఒక శాతం చెబుతారు. అది మనకు పనికిరాదు. విడిగా చెప్పమని అడగాలి.

పాప ఏడుస్తుంది. అమెరికా సీటు వచ్చిందని స్నేహితులందరికీ చెప్పేసి ఉంటుంది. తిట్టకండి, ‘డబ్బు లేదు’ అని ఒక్క ముక్కలో ముగించకండి. ఈ లెక్కలన్నీ ఆమె చేతే కాగితం మీద వేయించండి. కావాలంటే ఒక ఆదివారం ఇద్దరూ కడప వచ్చి నాతో మాట్లాడండి.

ఈ వారం మీ ఆయన ఫోన్ చేసినప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన మొదటిసారి కువైట్ వెళ్లిన రోజు నుంచి ఇప్పటిదాకా వీసా ఎన్నిసార్లు మారింది, అకామాకు ఎంత కట్టారు, కష్టం వచ్చినప్పుడు మన ఎంబసీ మెట్లెక్కితే అక్కడ ఎవరు పలికారు, ఎవరు పలకలేదు, ఇవన్నీ అడగమనండి. తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. రేపు ఏ స్కాలర్‌షిప్‌కు వ్యాసం రాయాల్సి వచ్చినా ఆ నోట్‌బుక్ ఆమెకు కావాలి.