ఆ మాట అన్నది ఎవరు?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇంగ్లీషు కవి బైరన్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మొదటి పేజీలోనే నాకు కోపం తెప్పించావు. "మగవాడికి ప్రేమ బతుకులో ఒక పక్కన ఉండేది, ఆడదానికి అదే బతుకంతా" అని రాసి, కింద "బైరన్ అభిప్రాయం" అని పెట్టావు. దాన్ని పట్టుకుని ఆయనకు ఆడవాళ్లంటే చులకన అని తేల్చేశావు.

ఆ మాట బైరన్‌ది కాదు, ఆయన కావ్యంలోని జూలియా అనే పాత్రది. 'డాన్ జువాన్' మొదటి సర్గలో ఆమెకు 23 ఏళ్లు, ముసలి భర్త. 16 ఏళ్ల కథానాయకుడు జువాన్‌తో పట్టుబడితే ఆమెను కాన్వెంటుకు పంపేస్తారు. అక్కడి నుంచి రాసిన ఉత్తరం అది. మగవాడికి కొలువు, సైన్యం, చర్చి, ఓడ, వ్యాపారం ఉన్నాయి, మనసు మళ్లించుకోవచ్చు, మాకు మళ్లీ ప్రేమించి మళ్లీ పాడైపోవడం తప్ప ఏముంది అని వాపోతుంది. తలుపులు మూసేసిన మనిషి మాటను తీసుకెళ్లి సూక్తిని చేశావు.

రెండో సర్గ చదివావా? జువాన్ ఓడలో ఆ ఉత్తరం మళ్లీ తీసి చదువుకుంటాడు. నిన్ను మరిచిపోతే ఒట్టు అంటుండగానే ఓడ ఊగి, కడుపులో తిప్పుతుంది. మనం నవ్వుతాం. తర్వాత ఓడ మునిగిపోతుంది. పడవలో తిండి అయిపోయి, ఎవరిని చంపి తినాలో చీటీలు వేయాలనుకుంటారు. కాగితం దొరక్క జూలియా ఉత్తరాన్నే జువాన్ దగ్గర లాక్కుని చించుతారు. చీటీ అతని గురువు పెద్రిల్లో పేరున వస్తుంది. నువ్వు ఎత్తి రాసిన వాక్యం ఉన్న ఉత్తరమే అది! బైరన్ వెటకారం ఎక్కడిదో ఇక్కడ తెలుస్తుంది. నాలుగో సర్గలో ఆ కవే చెప్పుకున్నాడు: నేను దేన్ని చూసి నవ్వినా, ఏడవకుండా ఉండటానికే అని. ఈ కావ్యంలో ఒక్కో పద్యానికి ఎనిమిది పాదాలు. చాలాచోట్ల ఆరు పాదాలు మనసును పైకెత్తుతాయి, చివరి రెండూ కింద పడేస్తాయి. మన సీసం కింద ఎత్తుగీతి మలుపు తిప్పినట్టే. అందులో రెండు పాదాలే కోసుకుంటే ఏం మిగులుతుంది?

నాకు ఇంత టెన్షన్ ఎందుకంటే, నా మొదటి కథకు ఇదే జరిగింది. అందులో ఒక తండ్రి "ఆడపిల్ల ఖర్చే గానీ మిగులు కాదు" అంటాడు. పత్రిక సంపాదకుడు కథలో సగం కోసేసి, ఆ మాటను నా ఫొటో పక్కన డబ్బా కట్టి వేశాడు. మా అక్క ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ తండ్రి చివర్లో కూతురి గుమ్మం ముందు నిలబడి ఏడ్చే పేజీ అచ్చులోకి రాలేదు. ఇప్పటికీ పత్రికలవాళ్లకు డబ్బా కట్టే వాక్యమే కావాలి, కథ అక్కర్లేదు. 1819లో బైరన్‌నూ కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఆయన చాలావరకు ఒప్పుకోలేదు. మొదటి రెండు సర్గలూ కవి పేరు, ప్రచురణకర్త పేరు లేకుండానే వచ్చాయి.

బైరన్ పెళ్లి ఏడాదికే విరిగిపోవడం, 1816లో ఇంగ్లండ్ వదిలి మళ్లీ వెళ్లకపోవడం గురించి మూడు పేజీలు రాశావు. అవి తీసేయి. చీటీల దగ్గర మొదలుపెట్టి తిరగరాసి, నాకే పంపు, పత్రికకు కాదు.