టెక్ సందేహాలు: నేపాల్ కొండదారుల్లో ఫోను ఎంతవరకు తోడు?

వానలు వెనకబట్టి ఆకాశం తేటపడే అక్టోబరు, నవంబరు నెలల్లో నేపాల్‌కు ట్రెకింగ్ కోసం వెళ్లేవారు ఎక్కువ. ఆ ప్రయాణానికి సిద్ధమవుతున్న పాఠకులు ఫోన్ల గురించి, వాచీల గురించి, యాప్‌ల గురించి పంపిన సందేహాల్లో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ప్రాణాలతో ముడిపడిన విషయం కాబట్టి కొన్నింటిని మామూలుకంటే విడమరిచి రాశాను.

ప్రశ్న: అన్నపూర్ణ సర్క్యూట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదంటున్నారు. అప్పుడు జీపీఎస్ కూడా ఆగిపోతుందా? గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందా?

జవాబు: జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్‌తో పని లేదు. ఉపగ్రహాలు ఎడతెగకుండా పంపే సంకేతాలను ఫోను వింటుంది; కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి అవి అందితే తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. ఇందులో ఫోను వినడమే తప్ప తిరిగి చెప్పడం ఉండదు. జీపీఎస్ ఆన్‌లో ఉంటే చాలు, దారి తప్పినా ఎవరో ఒకరు కనిపెట్టేస్తారన్న భరోసాతో కొందరు బయలుదేరుతున్నారు. మీరెక్కడున్నారో మీ ఫోనుకు తెలిసినంత మాత్రాన ఇంకెవరికీ తెలియదు. వారికి తెలియాలంటే సిగ్నల్ కావలసిందే.

డేటా ఉన్నప్పుడు ఉపగ్రహాల స్థానాల వివరాలను ఫోను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి మ్యాప్ మీద నీలిచుక్క క్షణాల్లో కనబడుతుంది. డేటా లేకపోతే ఆ వివరాలు కూడా ఉపగ్రహాల నుంచే నెమ్మదిగా అందాలి. ఎన్నో రోజులు ఆపి ఉంచిన ఫోనును కొత్త చోట తెరిస్తే కొన్ని నిమిషాలు ఆరుబయట పట్టుకుని నిలబడవలసి రావచ్చు. కాళీగండకి లోయలాంటి చోట రెండు వైపులా కొండలు ఆకాశాన్ని మూసేస్తాయి గనుక ఇంకా ఆలస్యమవుతుంది, చుక్క ఉన్నచోట కాకుండా పక్కకు జరిగి కనబడడమూ ఉంటుంది.

ఇక గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో వాహనాల దారి చెబుతుంది గాని నడకదారి చెప్పదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ వంటి యాప్‌లు కొండదారులకు ఎంతో మేలు. డౌన్‌లోడ్ అయిందని చూసి ఊరుకోకండి. బయలుదేరే ముందే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచి, మీరు రాత్రి ఆగబోయే ప్రతి ఊరినీ దగ్గరగా జూమ్ చేసి చూడండి. కాలిబాటలు, వాగులు, లాడ్జీల పేర్లు కనబడితేనే ఆ మ్యాప్ మీ చేతిలో ఉన్నట్టు. అయితే ఆ గీతలు గీసింది స్వచ్ఛంద సేవకులు. వాళ్లు నడిచి వెళ్లిన తర్వాత కొండచరియ విరిగిపడి ఉండవచ్చు, హిమానీనదం మీది బాట జరిగిపోయి ఉండవచ్చు. మ్యాప్ ఒక దారి చూపి, ఎదురొచ్చిన పోర్టరు ఇంకో దారి చెబితే పోర్టరు మాటే వినండి.

యాప్‌లు చూపే నడక సమయాన్ని కూడా యథాతథంగా నమ్మవద్దు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. ఇది గాలి పలచబడని చోట, ఆరోగ్యంగా ఉన్నవారికి వేసిన లెక్క. అన్నపూర్ణ సర్క్యూట్‌లో దాటవలసిన తొరాంగ్ లా కనుమ ఎత్తు 5,416 మీటర్లు. అలాంటి చోట దీనికి రెట్టింపు సమయం పడుతుందనుకుని, చీకటి పడే వేళను దృష్టిలో పెట్టుకుని బయలుదేరాలి.

ప్రశ్న: ఎవరెస్ట్ దారిలోని కాలాపత్థర్ శిఖరం మీద సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున ఎక్కుతుంటే, 46 శాతం చార్జ్ చూపిస్తున్న ఫోను కెమెరా తెరవగానే ఆరిపోయింది. కిందికి వచ్చి పొయ్యి పక్కన కూర్చుని టీ తాగాక ఆన్ చేస్తే 40 శాతంతో తెరుచుకుంది. బ్యాటరీ పాడైందా?

జవాబు: పాడవలేదు. చలికి లిథియం అయాన్ బ్యాటరీలో రసాయన చర్యలు మందగించి, లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరాలాంటిది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ ధబాలున పడిపోతుంది, ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. చార్జ్ ఎక్కడికీ పోదు, వెచ్చబడ్డాక మళ్లీ అందుతుంది. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్యే వాడాలని ఆపిల్ చెబుతుంది. మీరు ఎక్కిన వేళకు అక్కడ చలి సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది.

ఫోనును జాకెట్ పైజేబులో కాకుండా లోపలి చొక్కా జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకోండి. రాత్రిపూట ఫోను, పవర్‌బ్యాంకు, హెడ్‌ల్యాంపు మూడూ స్లీపింగ్ బ్యాగులోనే ఉండాలి. గడ్డకట్టిన ఫోనును వెంటనే చార్జింగ్‌కు మాత్రం పెట్టవద్దు. సున్నాకు దిగువన చార్జ్ చేస్తే లిథియం లోహరూపంలో లోపల పేరుకుంటుంది, ఆ నష్టం శాశ్వతం. నడుస్తున్నంతసేపూ ఫ్లైట్ మోడ్ మంచిది, ఎందుకంటే దొరకని సిగ్నల్ కోసం వెతకడంలోనే ఫోను ఎక్కువ చార్జ్ ఖర్చుపెడుతుంది. దాదాపు అన్ని ఫోన్లలోనూ ఆ మోడ్‌లో జీపీఎస్ పనిచేస్తుంది.

పవర్‌బ్యాంకు విమానంలో క్యాబిన్ సంచిలోనే ఉండాలి. 20,000 మిల్లీయాంప్ అవర్లది 74 వాట్ అవర్లే గనుక 100 వాట్ అవర్ల పరిమితికి లోబడే ఉంటుంది.

ప్రశ్న: ఎవరెస్ట్ దారిలోని నాంచే బజార్‌లో నా స్మార్ట్‌వాచీ రక్తంలో ఆక్సిజన్ 85 శాతం అని చూపింది. నాతో వచ్చిన స్నేహితుడికి 91 వచ్చింది గాని వాడికే తలనొప్పి. ఎంత అంకె ఉంటే ముందుకు వెళ్లవచ్చు?

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. అలాంటి అంకె ఏదీ లేదు. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా దాదాపు 21 శాతమే; ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, 5,500 మీటర్ల దగ్గర సముద్రమట్టంలో ఉన్నదానికి సగమవుతుంది. అందువల్ల 3,440 మీటర్ల ఎత్తున్న నాంచేలో ఆరోగ్యవంతులకు కూడా అంకె తగ్గడం సహజం. పైగా వాచీ మణికట్టు నుంచి వెనక్కి వచ్చే వెలుతురును బట్టి అంచనా వేస్తుంది. చేయి చల్లగా ఉన్నా, పట్టీ వదులైనా, కాస్త కదిలినా లెక్క తప్పుతుంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కొంత నయం. అదయినా చేతులు రుద్దుకుని వెచ్చబరచుకుని, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్న తర్వాత చూస్తేనే ఉపయోగం. గోళ్లరంగు ఉంటే తుడిచేయాలి.

అంకె తక్కువ వచ్చిందని భయపడడం వల్ల పెద్ద ప్రమాదం లేదు. ఎక్కువ వచ్చిందన్న ధైర్యంతో తలనొప్పిని లెక్కచేయకుండా పైకి పోవడమే నన్ను కలవరపెడుతుంది. తలనొప్పికి తోడు వికారం, ఆకలి లేకపోవడం, కళ్లు తిరగడం, విపరీతమైన అలసట కనబడితే, వాచీ ఏమి చెప్పినా అది ఎత్తు వల్ల వచ్చిన అనారోగ్యమే అనుకోవాలి. తగ్గేవరకు అక్కడే ఆగాలి, ముదిరితే దిగాలి. మడమకు వేలు తాకేలా ఒక అడుగు ముందు ఇంకో అడుగు వేస్తూ సరళరేఖ మీద నడవమనండి. తూలితే, లేదా మాట తడబడి తికమకపడుతుంటే, మెదడులో వాపు మొదలైందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురగ పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఈ రెండింటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగకుండా, మనిషిని ఒంటరిగా పంపకుండా, వెంటనే కిందికి తీసుకురావాలి.

వాచీని నిజంగా ఉపయోగించుకోదగిన పని ఇంకొకటి ఉంది: ఎత్తు చూసుకోవడం. 3,000 మీటర్లు దాటాక, రాత్రి నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యుల సూచన. ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదే ఎత్తులో విశ్రాంతి కూడా ఉండాలి. ట్రిప్ ప్లాన్‌లో ప్రతి రాత్రి బస పక్కన దాని ఎత్తు రాసుకుని, ఈ లెక్క తప్పే రోజులను బయలుదేరకముందే సరిచేసుకోండి. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఎవరెస్ట్ దారిలోని ఫెరిచేలో, అన్నపూర్ణ దారిలోని మనాంగ్‌లో క్లినిక్కులు నడుపుతుంది. ట్రెకింగ్ కాలంలో అక్కడి వైద్యులు ఈ అనారోగ్యం గురించి వివరించే సమావేశాలు పెడతారు, వీలైతే తప్పక వెళ్లండి.

ప్రశ్న: ఒక వాతావరణ యాప్ ఎండ అంటుంది, ఇంకొకటి మంచు అంటుంది. దేనిని నమ్మాలి?

జవాబు: ముందుగా ఆ అంచనా ఏ ఎత్తుకు ఇచ్చిందో చూడండి. మామూలు యాప్‌లు కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న గడిని ఒకే ప్రదేశంగా లెక్కిస్తాయి. ఆ గడిలో లోయలోని ఊరూ ఉంటుంది, దానికి వెయ్యి మీటర్ల పైనున్న కనుమా ఉంటుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, ఊళ్లో వాన అన్నది కనుమ మీద మంచు కావచ్చు. ఎత్తుల వారీగా అంచనా చూపే సేవలను ఎంచుకోండి.

హుద్‌హుద్ పేరు తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన ఆ తుపాను శేషం రెండు రోజుల్లో హిమాలయాలను తాకి, 14న తొరాంగ్ లా ప్రాంతంలో కనుమ దాటుతున్నవారి మీద మంచై విరుచుకుపడింది. ఆ ఉపద్రవంలో కనీసం 43 మంది మరణించారు. తుపాను వస్తున్న సంగతి లోకానికి తెలుసు. దారిలో ఉన్న ఎంతోమందికి మాత్రం ఆ మాట చేరలేదు. అక్టోబరులో వెళుతున్నవారు బంగాళాఖాతంలో ఏముందో భారత వాతావరణ శాఖ ప్రకటనల్లో చూస్తూ ఉండాలి. సిగ్నల్ దొరకని రోజుల్లో ఆ సంగతి ఎవరు ఎలా తెలియజేస్తారో గైడుతో ముందే మాట్లాడుకోవాలి.

పీడనమాపకం ఉన్న వాచీ అయితే ఇంటర్నెట్ లేకుండానే ఒక సూచన ఇస్తుంది. రాత్రి పడుకునేముందు అది చూపే ఎత్తును రాసుకోండి. మీరు కదలకపోయినా తెల్లవారేసరికి అది పెరిగి కనబడితే గాలి పీడనం పడిపోయినట్టే. 4,000 మీటర్ల దగ్గర పీడనం ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సుమారు 12 మీటర్లు ఎక్కినట్టు చూపుతుంది. గది కదలకుండా 60 మీటర్లు పైకి పోయిందంటే ఆ రోజు కనుమ ఎక్కవద్దు.

ప్రశ్న: కొత్త ఐఫోన్‌లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది. అది చాలా, లేక గార్మిన్ ఇన్‌రీచ్ కొనాలా?

జవాబు: సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సహాయం కోరేందుకు ఐఫోన్ 14 నుంచి వచ్చిన ఆ సౌకర్యం కొన్ని దేశాలకే పరిమితం, నేపాల్ వాటిలో లేదు. ఇన్‌రీచ్ అన్నది ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరం; ఇరిడియం ఉపగ్రహాలతో పనిచేసే అది నేపాల్ కొండల్లో పనిచేస్తుంది. కాని దానితో భారతదేశంలో విమానాశ్రయానికి వెళ్లకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, అలాంటి పరికరాలు వెంట ఉంచుకోవడం మన దేశంలో నేరం. సంగతి తెలియక తెచ్చుకున్న విదేశీ పర్యాటకుల మీద కూడా కేసులు నమోదయ్యాయి. లైసెన్సు ఉన్న గైడ్‌ను కుదుర్చుకునేటప్పుడు, అనుమతి ఉన్న ఉపగ్రహ పరికరం వారి దగ్గర ఉందా అని అడగడమే తెలివైన పని.

ఏ పరికరంతో చెప్పినా, అక్షాంశ రేఖాంశాలను తప్పుగా చదివితే సహాయం వేరే కొండకు పోతుంది. ఫోను 28.50 అని చూపితే అది 28 డిగ్రీల 30 నిమిషాలు. దానిని 28 డిగ్రీల 50 నిమిషాలు అని చదివారంటే ఉత్తరానికి 37 కిలోమీటర్లు జరిగినట్టే. అంకెలను ఒక్కొక్కటిగా, చుక్కను చుక్కగానే చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. సందేశం అందినా, మబ్బు పడితే హెలికాప్టరు లేవదు. అందాకా నిలదొక్కుకోవడానికి ఒక ఈల, ఒక హెడ్‌ల్యాంపు వెంట ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు ఈల లేదా వెలుతురు, తర్వాత ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఆరు: పర్వతాల్లో ఆపదను తెలిపే సంకేతం ఇది. నిమిషానికి మూడుసార్లు జవాబు వస్తే, మిమ్మల్ని గుర్తించారన్నమాట.

ప్రశ్న: మా అమ్మాయి ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళుతోంది. వాట్సాప్ లైవ్ లొకేషన్ పెట్టుకుంటే ఎక్కడుందో రోజంతా చూస్తూ ఉండవచ్చా?

జవాబు: తల్లిగా మీ ఆరాటం అర్థమవుతుంది గాని, లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు మించి ఉండదు, డేటా లేనిచోట కదలదు. నిలిచిపోయిన చుక్కను చూస్తూ మీరు నిద్ర మానుకోవడం, అమ్మ కంగారుపడుతుందని అమ్మాయి బ్యాటరీ ఖర్చు చేయడం, రెండూ జరుగుతాయి. దానికి బదులు ఒక కాగితం రాయించుకోండి. ఏ రాత్రి ఏ ఊళ్లో బస, గైడు పేరు, ఏజెన్సీ నంబరు, పాస్‌పోర్టు నంబరు, హెలికాప్టరు ఖర్చు వర్తించే బీమా పాలసీ నంబరు, ఆ బీమా ఎంత ఎత్తు వరకు చెల్లుతుంది అన్నవి అందులో ఉండాలి. బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు, కొన్ని పాలసీలు అంతకు చాలా దిగువనే ఆగిపోతాయి. వీలైతే నేపాల్ టెలికాం సిమ్ ఒకరు, ఎన్‌సెల్ సిమ్ ఒకరు తీసుకుంటే, ఒకటి అందని లోయలో రెండోది అందవచ్చు.

గడువును మీరిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఉదాహరణకు, ఒక రోజు కబురు రాకపోతే సిగ్నల్ లేదనుకోవాలి. రెండో రోజు రాత్రి ఎనిమిది గంటలకు కూడా రాకపోతే మీరు ముందు ఏజెన్సీకి, ఆ తర్వాత నేపాల్ టూరిస్ట్ పోలీసుకు ఫోన్ చేయాలి. వారి నంబరు 1144. అది నేపాల్ లోపలి నుంచే కలిసే నంబరు గనుక, కఠ్మాండులోని వారి కార్యాలయం పూర్తి నంబరును 977 అన్న దేశ కోడ్‌తో సహా ఇప్పుడే ఆ కాగితం మీద రాసి పెట్టుకోండి.