మైక్ మీద ఆ రెండు స్విచ్‌లు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మ పాడే పెళ్లి పాటలు రికార్డ్ చేసి దాచుకోవాలని ఆడియో-టెక్నికా ఏటీ2035 మైక్, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఇంటర్‌ఫేస్‌లో శబ్దం పెంచే గెయిన్ దాదాపు చివరిదాకా తిప్పితే గానీ వినపడదు, తిప్పితే వెనక హోరు. మైక్ మీద రెండు స్విచ్‌లున్నాయి. ఒకటి -10 వైపు ఉంచాను. వంగిన గీత ఉన్న రెండోదాన్ని ముట్టుకోలేదు. ఎలా పెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు అమ్మగారు మైక్‌కు ఏ వైపు నుంచి పాడుతున్నారో చూడండి. సభల్లో చేత్తో పట్టుకునే మైక్‌లా దీని పైకొసలోకి పాడకూడదు. దీని చెవి పక్కన ఉంటుంది. కంపెనీ లోగో ఉన్న వైపే ముందు. ఇది కార్డియాయిడ్ రకం కాబట్టి ఎదుటి శబ్దాన్ని బాగా పట్టుకుంటుంది, వెనకదాన్ని బాగా తగ్గిస్తుంది. పైనుంచో వెనకనుంచో పాడితే గొంతు దూరంగానే వినిపిస్తుంది.

ఇక హోరు సంగతి. -10 అన్నది ప్యాడ్. శబ్దాన్ని మైక్‌లోనే 10 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. చాలా పెద్ద శబ్దాల కోసం పెట్టిన ఏర్పాటు అది. ప్యాడ్ లేకుండానే ఈ మైక్ 148 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది. ఇంట్లో పాడే గొంతుకు దాని అవసరమే రాదు. మీరేమో మైక్‌లో గొంతు తగ్గించి, ఇంటర్‌ఫేస్‌లో మళ్లీ పెంచుతున్నారు. ఆ పెంపుతో ఇంటర్‌ఫేస్ సొంత హోరు కూడా పైకి వస్తోంది. స్విచ్‌ను 0కి జరపండి, గెయిన్ తగ్గించండి.

వంగిన గీత ఉన్న స్విచ్ పేరు ‘లో కట్’. 80 హెర్ట్జ్ కింద ఉండే లారీల గురగుర, స్టాండ్ అదురు లాంటివాటిని తగ్గిస్తుంది. అమ్మగారి గొంతు అంతకంటే పైనే ఉంటుంది కాబట్టి నిశ్చింతగా ఆన్ చేయండి. ఫ్యాన్ గాలి నేరుగా మైక్‌కు తగిలితే మాత్రం ఇది చాలదు. పాట అయ్యేదాకా ఫ్యాన్ ఆపాల్సిందే.

నోటికీ మైక్‌కూ మధ్య జానెడు దూరం, ఆ మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బను ఆపే తెర) ఉంచండి. మరీ దగ్గరైతే గొంతు బరువెక్కుతుంది, ‘ప’, ‘భ’ దగ్గర గాలి కొడుతుంది. అమ్మగారు బాగా గొంతెత్తి పాడే చోటును ముందుగా ఒకసారి పాడించి, రికార్డింగ్ మీటర్ -12, -6 డెసిబెల్స్ మధ్య ఆగేలా గెయిన్ పెట్టండి. 24 బిట్ వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేస్తే శబ్దం కాస్త తగ్గినా తర్వాత పెంచుకోవచ్చు. ఎరుపు దాటి పగిలిన గొంతును బాగుచేయడం చాలా కష్టం. వైర్ తీసేటప్పుడు ముందు ఇంటర్‌ఫేస్ మీద మైక్‌కు కరెంటు ఇచ్చే 48 వోల్టుల బటన్ ఆపండి.

ఇంకో మాట. ప్రతి పాటకు ముందు అది పెళ్లిలో ఏ ఘట్టంలో పాడతారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అమ్మగారి చేతే చెప్పించి, అదే ఫైల్‌లో ఉంచండి.