చలి రాత్రుల్లో బాల్ పైథాన్ ఎన్‌క్లోజర్‌ను వెచ్చగా ఉంచడం ఎలా?

అమెరికాలో శీతాకాలం రాత్రి ఇంటి హీటింగ్ తగ్గిస్తే గది 18 డిగ్రీల సెల్సియస్‌కు దిగిపోవచ్చు. ఇళ్లలో పెంచుకునే కొండచిలువ రకమైన బాల్ పైథాన్‌కు అది చాలదు. దాని ఎన్‌క్లోజర్‌లో, అంటే అది ఉండే గాజు పెట్టెలో, వెచ్చని వైపు 31-32, చల్లని వైపు 25-26 ఉండాలి. రాత్రి ఏ మూలా 24 కంటే తగ్గకూడదు.

గాలిని వేడిచేయడానికి సిరామిక్ హీట్ ఎమిటర్ (బల్బులా హోల్డర్‌లో బిగించే హీటర్) మేలు. వెలుతురు ఉండదు కాబట్టి రాత్రంతా ఉంచవచ్చు. పింగాణీ హోల్డర్‌లోనే బిగించండి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. గాలి పొడిబారుతుంది, తేమ చూసుకోండి. హీట్ మ్యాట్ (పెట్టె అడుగున బయట పెట్టే, కరెంటుతో వేడెక్కే పలుచని చాప) నేలను వేడిచేస్తుందే తప్ప గాలిని పెద్దగా కాదు.

ఏది వాడినా థర్మోస్టాట్ (వేడిని అదుపుచేసే పరికరం) లేకుండా ప్లగ్ పెట్టకండి. అదుపులేని మ్యాట్ మీద పాము కదలకుండా పడుకునే ఉంటుంది, పొట్ట కాలిపోతుంది. మ్యాట్ థర్మోస్టాట్ ప్రోబ్‌ను (వేడిని కొలిచే తీగ కొనను) బయటే, మ్యాట్‌కూ గాజుకూ మధ్య టేపుతో అంటించండి. లోపల పెడితే పాము జరిపేస్తుంది, లేదా నీళ్లు ఒలికి తడుస్తుంది. అప్పుడు ప్రోబ్ తక్కువ చూపిస్తుంది, థర్మోస్టాట్ వేడి పెంచుకుంటూ పోతుంది.

కరెంటు పోతే హీటర్ ఆపి, మూడు పక్కలా థర్మోకోల్ షీట్లు ఆనించి, వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి లోపల పెట్టండి. వేడి తిరిగి కుదిరేదాకా మేత పెట్టకండి: చలిలో అరగక కక్కేస్తుంది.